కాటా మీద తాకట్టు

విదేశీయులు మన కంపెనీల్లో కొన్న వాటాలను మన బ్యాంకుల్లో తాకట్టు పెట్టి అప్పు తీసుకోవచ్చు. అందుకు నిబంధనలున్నాయి. మంచి నిబంధనలేనని చదివినవాళ్ళు చెబుతారు. మా పేట బ్యాంకు కూడా వాటిని చదివింది. చదవకుండా ఉంటే ఈ కథ ఉండేది కాదు. నా మామిడికాయలు ఉండేవి.

మా పేట చుట్టూ మామిడి తోటలు. అన్నీ తోతాపురి. కాయను ఫ్యాక్టరీకి తోలితే గుజ్జు తీసి, డబ్బాల్లో నింపి, ఓడ ఎక్కిస్తారు. దగ్గర్లో ఉన్నది ఒకటే ఫ్యాక్టరీ. అందులో నాలుగో వంతు వాటా ఒక పరాయి దేశపు కంపెనీది. ఆ కంపెనీ పెద్దమనిషిని మా వాళ్ళు దొర అంటారు. దొరకు ఇంకెక్కడో ఇంకో ఫ్యాక్టరీ పెట్టాలని బుద్ధి పుట్టింది. డబ్బు చాలక తన నాలుగో వంతును బ్యాంకులో తాకట్టు పెట్టాడు. ఫ్యాక్టరీ ఖాతా మా పేట బ్రాంచిలో ఉంది గనక తాకట్టును కాపాడే పని ఆ బ్రాంచి మీద పడింది.

మా బ్రాంచికి తాకట్టు అంటే బంగారమే. ఆడవాళ్ళు చెవులవీ మెడలవీ తీసిస్తారు. బ్యాంకు ఆచారి గీటురాయి మీద గీసి చూస్తాడు. రాళ్ళ బరువు మినహాయించి తూస్తాడు. నగను గుడ్డ సంచిలో వేసి, మూతి కట్టి, లక్క ముద్ర వేసి లోపల పెడతారు. అప్పు తీరేదాకా విప్పరు. ఈ పనిలో వాళ్ళకు తిరుగులేదు. నా భార్య వళ్ళెమ్మ కమ్మలు ఆ సంచిలోకి పోయి వస్తుండేవి. ఆమెను ఆస్పత్రిలో పెట్టినప్పుడు మళ్ళీ పోయాయి. ఆమె రాలేదు, అవీ రాలేదు.

వళ్ళెమ్మ పోయి ఏడాది కావస్తోంది. తోటలో ప్రతి చెట్టూ ఆమె కడవతో నీళ్ళు మోసి పెంచినదే. ఆ కాయలు అమ్మి ఆమె ఏడాది చెయ్యాలి. నలుగురిని పిలిచి అన్నం పెట్టాలి. ఆమె పటం ముందు ఆమె చెట్ల కాయ పెట్టాలి. నేను అనుకున్నది ఇంతే. తోట మొత్తం ఒకే కోతలో దించి, గంగులప్ప ట్రాక్టరు బాడుగకు మాట్లాడుకుని, ఫ్యాక్టరీ ముందు వరసలో నిలబడ్డాను.

వరస రోడ్డు పొడుగునా ఉంది. గేటు దగ్గర టోకెను ఇస్తారు. టోకెను పిలిస్తే ట్రాక్టరు కాటా మీదికి పోవాలి. కాటా తూకం అయితేనే కాయలు ఫ్యాక్టరీవి అవుతాయి. అప్పటిదాకా రైతువి. కాయ మగ్గినా, కుళ్ళినా, కోతులు తిన్నా రైతుదే. ఈ ఒక్క విషయంలో రైతు యాజమాన్యాన్ని ఎవరూ శంకించరు.

మేము వరసలో ఉండగానే బ్యాంకు మేనేజరు ఆచారిని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతిలో పై ఆఫీసు కాగితం ఉంది. తాకట్టు పెట్టబడిన వాటాను గుర్తించి, వేరుపరచి, రుణ విముక్తి వరకు యథాస్థితిలో భద్రపరచవలెనని అందులో ఉందట. ఫ్యాక్టరీ మేనేజరు గేటు దాకా ఎదురు వచ్చాడు.

"వాటా ఎక్కడుంది?" అని బ్యాంకు మేనేజరు అడిగాడు.

"వాటా ఒకచోట ఉండదు సార్. కాగితాల్లో ఉంటుంది. మొత్తం ఫ్యాక్టరీలో నాలుగో వంతు అని లెక్క."

"అదే అడుగుతున్నాను. ఏ నాలుగో వంతు?"

"ఏదని చెప్పలేమండీ."

"ఏదో తెలియని వస్తువు మీద అప్పిచ్చామని ఆడిట్‌లో రాయించుకోమంటారా? మా బ్రాంచిలో ముక్కుపుడక పెట్టినా అది ఏ ముక్కుదో మాకు తెలుస్తుంది."

ఫ్యాక్టరీ మేనేజరు ఆలోచించాడు. పెద్ద చదువు చదివినవాడు. ఆలోచించే కొద్దీ అతనికి జవాబు దూరమైంది.

ఆచారి ఈలోగా పని మొదలుపెట్టాడు. గీటురాయి తీసి గేటు ఊచ మీద రుద్దాడు. యాసిడ్ చుక్క వేశాడు. కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"ఇనుమే సార్."

"రాసుకోండి" అన్నాడు మేనేజరు.

గుజ్జు తీసే యంత్రాన్ని, బాయిలరును, కాయలు కడిగే తొట్టిని, క్యాంటీను గంటెను గీసి చూశాడు. క్యాంటీను గంటెలో కాస్త ఇత్తడి ఉందన్నాడు. చివరికి అలవాటు చొప్పున రాళ్ళు మినహాయించాలన్నాడు. మెట్ల రాళ్ళనూ, మంత్రి వేసిన శంకుస్థాపన రాయినీ మినహాయించారు.

ఆ రోజే ముద్రలు మొదలయ్యాయి. ప్రతి నాలుగో దీపానికి, ప్రతి నాలుగో ఫ్యానుకు, ప్రతి నాలుగో కత్తికి గుడ్డ చుట్టి, దారం కట్టి, లక్క పోశారు. పని చేస్తే వస్తువు అరుగుతుంది. అరిగితే యథాస్థితి పోతుంది. తాకట్టులో ఉన్న హారం మెళ్ళో వేసుకుని పెళ్ళికి పోతామా అని బ్యాంకు మేనేజరు అడిగాడు.

వస్తువులు అయ్యాక మనుషుల మీదికి వచ్చారు. ఫ్యాక్టరీ అంటే పనివాళ్ళు కూడా అని ఆ మధ్య సంస్థ వార్షికోత్సవంలో ఛైర్మన్ చెప్పాడు. ఆ మాట గోడ మీద రంగుతో రాసి కూడా ఉంది. బ్యాంకు మేనేజరు గోడ చదివాడు. కాయలు కోసే ఆడవాళ్ళ వరసలో ప్రతి నాలుగో మనిషినీ లేపి, మణికట్టుకు దారం కట్టి, ముడి మీద ముద్ర వేసి, షెడ్డులో చాప మీద కూర్చోబెట్టారు.

వాళ్ళలో చెంగమ్మ ఒకతి. ఆమె నోటికి ఫ్యాక్టరీ అంతా జంకుతుంది.

"నన్ను తాకట్టు బెట్నోడెవురు సోమీ?" అని అడిగింది.

"విదేశీ మదుపుదారు అమ్మా."

"మా ఇంటాయన తాగి తాగి కొంపలో సట్టి గూడా మిగల్చలా. అట్లాంటోడికే నన్ను తాకట్టు బెట్టేదానికి దైర్యం చాల్లా. ముక్కూ మొగం తెలీని దొరకి యాడిదబ్బా అంత దైర్యం?"

"మిమ్మల్ని కాదు. మీలో కంపెనీకి చెందిన భాగాన్ని."

"అది ఏ బాగమో కొంచిం సూపీ సోమీ."

షెడ్డంతా నవ్వింది. మేనేజరు కాగితం వైపు చూశాడు. కాగితంలో ఆ వివరం లేదు.

"కూలైనా ఇస్తారా, చాప మింద కూసోని ఉండేదానికి?"

"తాకట్టు ఆస్తి మీద ఖర్చు పెట్టాలంటే పై అనుమతి రావాలి."

"అన్నం?"

"అన్నం తినకపోతే బరువు తగ్గుతారు. తినాల్సిందే. ఇంటి నుంచి తెచ్చుకోవాలి."

పొద్దున వచ్చినప్పుడూ సాయంత్రం పోయేటప్పుడూ వాళ్ళను తూచేవాళ్ళు. చెంగమ్మ సాయంత్రానికి కాస్త పెరిగేది. ఆ పెరుగుదల ఎవరిదనే దానిపై స్పష్టత కోరుతూ మేనేజరు పైకి రాశాడు.

అప్పటికీ ఫ్యాక్టరీ నడుస్తూనే ఉంది. మూడు వంతుల వేగంతో నడిచింది. రోజుకు కొంత చొప్పున వరస కదిలింది. మా టోకెను దగ్గర పడింది. గంగులప్ప బీడీ వెలిగించి, ఇంకేం ఉండాదిలే అన్నా, పొద్దు గూకేలోపల కాటా ఎక్కుతాం అన్నాడు.

బ్యాంకు మేనేజరు రాసిన కాగితం చూసి అంతలోనే పై నుంచి ఒక అధికారి వచ్చాడు. పేరు చక్రపాణి. హోదా తాకట్టు పరిరక్షణాధికారి. మనిషి మంచివాడు. గొంతు ఎప్పుడూ పెంచడు. ఫ్యాక్టరీ అంతా తిరిగి, గుడ్డలు చుట్టిన దీపాలను, చాప మీద ఆడవాళ్ళను చూసి తల అడ్డంగా ఊపాడు. ఎవరో బుద్ధున్నవాడు వచ్చాడని మేమంతా అనుకున్నాం.

"ఇది తాకట్టు కాదు" అన్నాడు చక్రపాణి. "ఇది చెల్లాచెదురు. ఒక నగను నాలుగు ముక్కలు చేసి నాలుగు సంచుల్లో పెడతామా? తాకట్టు ఆస్తి ఏకఖండంగా ఉండాలి. ఒక హద్దు, ఒక ముద్ర, ఒక బాధ్యత. విదేశీ మదుపుదారుల విశ్వాసం మన చేతుల్లో ఉన్నదని గ్రహించండి."

చెంగమ్మ చేతి దారం తెంపించాడు. దీపాల గుడ్డలు విప్పించాడు. తర్వాత పసుపు రంగు డబ్బా తెమ్మన్నాడు.

ఫ్యాక్టరీ స్థలాన్ని నాలుగు భాగాలు చేశారు. ఏ భాగం తాకట్టుదో తేల్చాలి. రోడ్డు వైపు మూల బాగుందని చక్రపాణి ఎంచాడు. పై అధికారులు తనిఖీకి వస్తే కారు దిగకుండానే చూడవచ్చు. ఆ మూలలో గేటు ఉంది, కాటా ఉంది, బాయిలరు ఉంది.

సరిగ్గా అప్పుడు మా టోకెను పిలిచారు. గంగులప్ప ట్రాక్టరును కాటా మీదికి ఎక్కించాడు. అంకెలు తిరగడం మొదలైంది. మా వెనక, కాటా అవతలి అంచున, కూలివాడు వంగి పసుపు గీత గీస్తూ పోయాడు.

చక్రపాణి చెయ్యెత్తి, "ఎక్కడివక్కడ ఆపండి" అన్నాడు.

కాటా మీట కట్టేశారు. అంకెలు ఆగిపోయాయి, సగంలో.

నేను కిందికి దిగి దగ్గరికి పోయాను. "సార్, ఈ కాయిలు నావి. ఫ్యాక్టరీవి కాదు. తూకం ఇంకా కాలా."

"తూకం మొదలైందా?"

"అంకెలు తిరగతా ఉన్నాయి."

"అంటే స్వాధీన ప్రక్రియ ప్రారంభమైనట్టే."

"పూర్తి కాలా కదా సార్."

"కాలేదు. అందుచేత మీకు డబ్బు రాదు. ప్రారంభమైంది. అందుచేత కాయలు బయటికి పోవు."

గంగులప్ప బీడీ పారేసి ముందుకు వచ్చాడు. "కాయిల సంగతి ఆయన జూసుకుంటాడు. నా ట్రాక్టరేం జేసింది సార్? దాని అప్పు కంతులు ఇంకా కడతానే ఉండా."

"ట్రాక్టరు తీసేస్తే కాయలు నేల మీద పడతాయి. యథాస్థితి పోతుంది. నగకు సంచి ఎలాగో, ఈ సరుకుకు మీ ట్రాక్టరు అలాగ."

"అంటే నా ట్రాక్టరు గుడ్డ సంచా?"

"చట్టం దృష్టిలో."

ఆచారి లక్క కరిగించి స్టీరింగు మీద ఒకటి, ట్రాక్టరు వెనక తొట్టి తలుపు మీద ఒకటి ముద్ర వేశాడు. తొట్టి పైన టార్పాలిను కప్పి తాడు కట్టి దానికీ వేశాడు. పని చక్కగా చేశాడు. ఆ మాట కాదనను.

మిగతా మూడు వంతుల ఫ్యాక్టరీ నడవడానికి ఎటువంటి అభ్యంతరమూ లేదని చక్రపాణి అక్కడికక్కడే రాసిచ్చాడు. లోపలికి పోవడానికి దారి లేదు, గుజ్జు ఉడికించడానికి బాయిలరు లేదు. అంతకు మించి ఏ ఆటంకమూ లేదు. ఫ్యాక్టరీ మేనేజరు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, గోడ దూకి తన ఆఫీసులోకి పోయాడు.

వరసలో వెనక ఉన్న రైతులు కొంతసేపు తిట్టారు. తర్వాత కొందరు పక్క జిల్లాకు తోలుకుపోయారు. కొందరు రోడ్డు పక్కన కుప్ప పోసి, ముఖం తిప్పుకుని ఇంటికి పోయారు. వాళ్ళు అదృష్టవంతులు. పారబోసుకునే హక్కు వాళ్ళకు మిగిలింది.

నేను ప్రతి రోజూ గేటు దగ్గరికి పోయేవాణ్ణి. టార్పాలిను కింద కాయలు మగ్గుతున్నాయి. మొదట మంచి వాసన వచ్చింది. దారిన పోయేవాళ్ళు ఆగి పీల్చుకుని పోయేవాళ్ళు. తర్వాత ఆగడం మానేశారు.

వళ్ళెమ్మ ఏడాది దగ్గరికి వచ్చింది. చక్రపాణి గేటు పక్కనే గుడారం వేసుకుని ఆఫీసు పెట్టాడు. పోయి నిలబడ్డాను.

"సార్, డబ్బుల మాట ఇడిసిపెట్టండి. ఒక్క కాయి ఇప్పీండి. నా పెండ్లాం ఏడాది. ఆమె పెంచిన చెట్లు అవి. పటం ముందర పెట్టాల."

ఆయన కలం కింద పెట్టాడు. "మీ మనోభావాలను మా విభాగం గౌరవిస్తుంది."

"అయితే ఇస్తారా?"

"ఈ రోజు ఒక కాయ అంటారు. మీకు భార్య పోయింది. ఇంకొకరికి తల్లి పోయి ఉంటుంది. పోయినవాళ్ళందరికీ ఒక్కో కాయ చొప్పున తీస్తూ పోతే తాకట్టు ఏమవుతుంది? దరఖాస్తు పెట్టుకోండి. సానుభూతితో పరిశీలిస్తాం."

పెట్టుకున్నాను. ఏడాది రోజున బజారుకు పోయి ఒక కాయ కొన్నాను. ఎవరి తోటదో తెలియదు. పటం ముందు పెట్టాను. నలుగురిని పిలవలేదు. పిలిచి పెట్టడానికి ఏమీ లేదు. ఆమె అన్న ఒక్కడే వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుని, మంచినీళ్ళు తాగి, ఆ కాయ వైపు చూశాడు.

"ఇది మీ తోటది గాదు కదా బావా" అన్నాడు.

"గాదు."

అతను లేచి పోయాడు.

ఆ తర్వాత వారం జవాబు వచ్చింది. పూజానంతరం అదే కాయను, అదే బరువుతో, అదే స్థితిలో తిరిగి అప్పగించు షరతుపై నా విన్నపం మంజూరైంది. ఆ కాగితం దాచలేదు. పొయ్యిలో పెట్టాను.

ఇంతలో దొర వచ్చాడు. ఫ్యాక్టరీ నుంచి గుజ్జు రావడం లేదు, లాభం రావడం లేదు, ఏమైందో చూద్దామని సొంత ఖర్చుతో విమానం ఎక్కి వచ్చాడు. పొడుగాటి మనిషి. ఎండకు ముఖం ఎర్రబడింది. కారు దిగి గేటు వైపు నడిచాడు. చక్రపాణి గుడారం నుంచి లేచి, నమస్కారం పెట్టి, ఆపేశాడు.

"క్షమించాలి. తాకట్టు పెట్టినవారు తాకట్టు వస్తువును తాకరాదు."

ఫ్యాక్టరీ మేనేజరు గోడ దూకి వచ్చి దొర భాషలో చెప్పాడు. దొర మళ్ళీ చెప్పించుకున్నాడు. తర్వాత రోడ్డు పక్కన కల్వర్టు మీద, మా పక్కనే వచ్చి కూర్చున్నాడు. గంగులప్ప జరిగి చోటిచ్చాడు. బీడీ కూడా ఇచ్చాడు. దొర ఒక దమ్ము లాగి దగ్గాడు.

"ఈయన్నెందుకు ఆపినారంట?" అని గంగులప్ప అడిగాడు.

"ఆయన వాటాను ఆయన నుంచి కాపాడటానికి" అన్నాడు మేనేజరు.

దొర ట్రాక్టరు వైపు చూశాడు. తొట్టి సందుల్లోంచి రసం కారి కాటా మీద గడ్డ కట్టింది. ఈగలు నల్లగా ముసిరాయి. అది ఏమిటని అడిగాడు. మీ తాకట్టులో భాగం అని మేనేజరు చెప్పాడు. ఎవరివి అని అడిగాడు. మేనేజరు నన్ను చూపించాడు. దొర నా వైపు తిరిగి తన భాషలో ఏదో అన్నాడు. తాను కాగితం మాత్రమే ఇచ్చానన్నాడని మేనేజరు చెప్పాడు. కాగితమే ఇచ్చి ఉంటాడు. నా తోటలో చెట్టు కొట్టినవాడు కాదు.

దొర లేచి చక్రపాణి దగ్గరికి పోయాడు. అప్పు మొత్తం ఇప్పుడే కట్టేస్తాను, విడిపించండి అన్నాడు.

"మీ నిజాయితీని అభినందిస్తున్నాం" అన్నాడు చక్రపాణి. "అప్పు జమ చేసుకుంటాం. అయితే విడుదలకు ముందు తాకట్టు ఆస్తి మొదటి స్థితిలోనే, మొదటి బరువుతోనే ఉన్నదని నిర్ధారించాలి. ఇది మీ హక్కుల రక్షణ కోసమే. తరిగిపోయిన ఆస్తిని మీ చేతిలో పెట్టి పంపితే రేపు మీ దేశంలో మా గురించి ఏమనుకుంటారు?"

కాటాకు ముద్ర ఉంది. తాకట్టు వస్తువుతో తూచకూడదు. అందుచేత బ్యాంకు నుంచి ఆచారి తరాజు తెప్పించారు. ఆచారి దాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని ట్రాక్టరు ముందు నిలబడ్డాడు. ట్రాక్టరు వైపు చూశాడు. తరాజు వైపు చూశాడు.

"కంటికి తగ్గినట్టే కనబడతా ఉండాది సార్."

కంటికి తగ్గినట్టు నమోదైంది. విడుదల ఆగింది. దొర కారెక్కాడు. మళ్ళీ రాలేదు. కట్టిన అప్పు మాత్రం జమ అయింది. తీరిన అప్పుకు తాకట్టు ఎందుకని ఫ్యాక్టరీ మేనేజరు ఒకసారి అడిగాడు. అప్పు తీరడం వేరు, ఆస్తి భద్రత వేరు, రెండు విభాగాలు వేరు అన్నారు.

తరుగు ఉన్న తర్వాత దానికి ఒక మనిషి ఉండాలి. నాకు నోటీసు వచ్చింది. గేటు దగ్గర గుడారం ముందు నిలబెట్టి చక్రపాణి చదివి వినిపించాడు. నా సరుకు తన సహజ స్వభావం వల్ల క్షీణించి విదేశీ మదుపుదారు భద్రతకు భంగం కలిగించినందున ఆ తరుగును నేను పూడ్చాలి.

"నేను అప్పు దీసుకోలేదు సార్."

"తీసుకోలేదు."

"దొర గూడా కట్టేసినాడు."

"కట్టారు."

"మరి నేనెందుకు కట్టాల?"

"మీరు అప్పు కట్టనక్కర లేదు. తరుగు కడితే చాలు."

గంగులప్ప నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. "గమ్మున రాన్నా. ఇంకొంచేపు నిలబడితే ఆ కాయిల బదులు నిన్నెక్కిస్తారు తొట్టిలోకి."

వానలు పడ్డాయి. టార్పాలిను చినిగింది. ముద్ర ఉంది గనక మార్చకూడదు. నీళ్ళు తొట్టిలోకి దిగాయి. కుళ్ళంతా మన్ను మాదిరి అయింది. ఒక రోజు నేను పోయేసరికి చెంగమ్మ గేటు పట్టుకుని లోపలికి తొంగి చూస్తోంది. ఫ్యాక్టరీ మూతబడ్డాక ఆమె ఆ దారిలోనే మిరపకాయల కళ్ళానికి కూలికి పోతోంది.

"అన్నా, ఇట్ల రా. నీ కాయిలు ఈనినాయి."

చినిగిన చోటల్లా మొక్కలు. రాగి రంగు ఆకులు, లేత కాడలు. టెంకలు పగిలి, టార్పాలిను సందుల్లోంచి తలలు బయటపెట్టి, ట్రాక్టరు మీద గుబురుగా నిలబడ్డాయి. గాలికి ఊగుతున్నాయి. తోటలో మొదటిసారి చెట్లు చిగురు వేసినప్పుడు వళ్ళెమ్మ నన్ను ఇలాగే పిలిచింది.

చక్రపాణి గొడుగు వేసుకుని వచ్చాడు. వంగి చూశాడు. మొదటిసారి ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, ఒక పేజీ దగ్గర వేలు పెట్టాడు.

"తాకట్టు వాటాలపై లభించే అదనపు వాటాలన్నీ తాకట్టులో అంతర్భాగమే" అని చదివాడు. "వాటాకు వాటా పుడితే దాన్ని బోనస్ అంటారు. ఇదే అది."

"అవి మామిడి మొక్కలు సార్" అన్నాడు వెనకే వచ్చిన గంగులప్ప.

"వ్యవహారంలో మొక్కలు. లెక్కలో బోనస్."

ఆయన అక్కడే కుర్చీ వేయించుకుని పరిష్కారం రాశాడు. చిక్కుముడి విడిపోయింది. మొక్కలు పెరుగుతాయి. ఎనిమిదేళ్ళకు కాపు వస్తుంది. కాసిన కాయల్ని అదే తొట్టిలో, అదే బరువుకు నింపుతారు. తరుగు పూడుతుంది. యథాస్థితి నిర్ధారణ అవుతుంది. ముద్రలు తీస్తారు. దొరకు వాటా విడుదల, ఫ్యాక్టరీకి గేటు విడుదల, గంగులప్పకు ట్రాక్టరు విడుదల. ఎవరికీ నష్టం లేదు. ఈ పద్ధతికి పై ఆఫీసు ఆయనకు ప్రశంసాపత్రం ఇచ్చింది. మొక్కల పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు.

"మొక్కల్ని నేల మింద నాటితే పెరగతాయి సార్. తొట్టిలో యాడ పెరగతాయి?" అన్నాడు గంగులప్ప.

"నాటితే స్థానభ్రంశం అవుతుంది. వేళ్ళు వాటంతట అవే కిందికి దిగితే అభ్యంతరం లేదు."

"నా ట్రాక్టరు మింద మామిడి తోపేస్తా ఉండారన్నా" అన్నాడు వాడు నాతో. "కంతు కట్టే చోట నేనేమని చెప్పేది? చెట్టయిందని చెప్పాల్నా?"

మొక్కలకు నీళ్ళు పోసే మనిషి కావాలి. ఆ పని నాకు ఇచ్చారు. కూలి లేదు. తరుగు కింద జమ కట్టుకుంటారు. ఇష్టమేనా అని చక్రపాణి అడిగాడు. అడగడం ఆయన మర్యాద.

"పోస్తాను" అన్నాను.

గంగులప్ప నా మొహంలోకి చూశాడు. "నీకేమన్నా పిచ్చి బట్టిందా అన్నా? ఒక్క కాయి ఇయ్యలా వాళ్ళు. వాళ్ళకి నీళ్ళు మోస్తావా?"

నేను నీళ్ళ కోసం లేచాను.

మా తోటలో ఉన్నవన్నీ అంటు మొక్కలు. వళ్ళెమ్మ ఒక్కొక్కటే తెచ్చి నాటింది. రాలిన కాయల టెంకలు చెట్ల కింద మొలిస్తే వంగి పీకి పారేసేది. తోతాపురి టెంక నాటితే తోతాపురి రాదు. చెట్టు ఏపుగా పెరుగుతుంది. కాయ మాత్రం పీచుకాయ, పులుపు. మా పేటలో ఈ సంగతి పసిపిల్లలకు కూడా తెలుసు. చక్రపాణి అడగలేదు. గంగులప్పకు తెలుసు, కోపంలో గుర్తు రాలేదు.

ఎనిమిదేళ్ళకు ఆయన వస్తాడు. అప్పటికి ఇంకా పెద్ద హోదాలో ఉంటాడు. ఆచారి రాయి మీద గీస్తాడు. ఆయన ఒక కాయ కొరుకుతాడు. పీచు పళ్ళలో ఇరుక్కుంటుంది. తాకట్టు పెట్టిన వస్తువు ఇది కాదని ఆయన చేత్తోనే రాయాలి. యథాస్థితి లేదని, తన ప్రశంసాపత్రం కిందనే సంతకం చెయ్యాలి.

ఆ రోజు నేను ఆ గేటు దగ్గర ఉండాలి.

వళ్ళెమ్మ పోయినప్పటి నుంచి ఇంకో ఏడాది బతకాలని నాకు ఏనాడూ అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది. పొద్దున్నే లేస్తున్నాను. వేళకు తింటున్నాను. ఆమె కడవ ఉంది. దాంతోనే నీళ్ళు పోస్తున్నాను. ఒక్క మొక్క కూడా ఎండిపోకుండా చూసుకుంటున్నాను.